వెబ్ పేజీలోంచి వట్టి తెలుగు లాగాలంటే రెజెక్స్ చాలు, వరస తప్పకూడదంతే

గోదారికి నీళ్ళొచ్చాయంటే మా లంకల్లో ఎవర్ని కదిపినా ఒకటే మాట, ధవళేశ్వరంలో ఎంతుంది అని. 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఈ మట్టాలు నెట్‌లో పెడతారు గానీ పేజీ నిండా మెనూలు, బొమ్మలు, యాడ్స్, వరదప్పుడు కరెంటు ఉండదు, సిగ్నల్ ఒక్క గీత ఉంటే గొప్ప, అదంతా దిగేసరికి తెల్లారిపోద్ది. అందుకని పేజీని నా సిస్టమ్‌లో దింపి, ట్యాగులన్నీ (పేజీ ఎలా కనపడాలో చెప్పే < > మధ్య గుర్తులు, వాటితో రాసే భాషే హెచ్‌టీఎంఎల్) రెజెక్స్‌తో (అక్షరాల నమూనా ఇచ్చి వెతికే పద్ధతి) పీకేసి, మిగిలిన రెండు ముక్కలు మెసేజ్ పెడతాను. మా బాబాయ్‌ది కీప్యాడ్ ఫోను, "అంకె చెప్పరా అబ్బాయ్, కథలొద్దు" అంటాడు.

హెచ్‌టీఎంఎల్‌ని రెజెక్స్‌తో ముట్టుకోవద్దని చాలామంది చెప్తారు. అందులో నిజం ఉంది, ట్యాగులు ఒకదాన్లో ఒకటి ఎంత లోతుకైనా దూరతాయి, ఏది ఎక్కడ మూసుకుందో మామూలు రెజెక్స్ లెక్క పెట్టలేదు. ఫలానా టేబుల్లో మూడో వరస కావాలంటే పార్సరే (పేజీ కట్టుబడిని చదివి విడదీసే ప్రోగ్రామ్) వాడాలి, పైథాన్‌లో బ్యూటిఫుల్‌ సూప్ ఉంది కదా. కానీ మనకి అక్షరాలు చాలు, పేజీ కట్టుబడితో పని లేదు అనుకున్నప్పుడు రెజెక్స్‌తో హాయిగా అయిపోద్ది.

ముందు స్క్రిప్టు, స్టైల్, కామెంట్లు లోపలి సరుకుతో సహా తీసేయాలి, లేకపోతే ట్యాగ్ పోయి జావాస్క్రిప్ట్ మాత్రం మెసేజ్‌లోకి వచ్చి కూర్చుంటది. ఇవి చాలా లైన్ల మీద పరుచుకుని ఉంటాయి, రెజెక్స్‌లో ఏ అక్షరానికైనా సరిపోయే చుక్క గుర్తు మామూలుగా కొత్త లైను దాటదు కాబట్టి దాన్ని దాటించే డాట్‌ఆల్ పెట్టుకోండి.

ఇక ట్యాగులు. <.*> అని రాస్తే లైన్లో మొదటి < నుంచి ఆఖరి > దాకా మింగేస్తుంది, మధ్యలో ఉన్న రావులపాలెం కూడా పోద్ది. <[^>]+> నయం, మొదటి > దగ్గరే ఆగుతుంది. కాకపోతే బొమ్మ వివరణలో కోట్స్ మధ్య > ఉంటే అక్కడే ఆగిపోతుంది, దానికి ఇది వాడండి:

<(?:"[^"]*"|'[^']*'|[^'">])*>

ట్యాగ్ తీసిన చోట ఏం పెడుతున్నారో చూసుకోండి. ఏమీ పెట్టకపోతే పక్కపక్క గళ్ళలో ఉన్న 11.75, 13.75 కలిసిపోయి 11.7513.75 అయిపోతాయి. పోనీ అన్నిటికీ స్పేస్ పెడదామంటే, బోల్డ్ చేసిన గోదావరి తర్వాత బయట ఉన్న "లో" విడిపోయి "గోదావరి లో" అవుద్ది. మన భాషలో విభక్తులు మాటకి అంటుకునే ఉంటాయి కదండీ. కాబట్టి పేరా, లైన్ బ్రేక్, టేబుల్ గడి లాంటివాటిని ముందు విడిగా పట్టుకుని కొత్త లైనుగా మార్చండి, ఆ తర్వాత బోల్డు, లింకు లాంటివాటిని ఏమీ లేకుండా తీసేయండి.

అన్నిటికంటే ముఖ్యం ఎంటిటీలు, అంటే అక్షరం బదులు పేజీలో రాసే కోడ్‌లు. వాటిని తిరిగి అక్షరాలుగా మార్చడమే అన్‌ఎస్కేప్. పేజీలో ఇలా ఉందనుకోండి:

ధవళేశ్వరం &#60; 11.75, భద్రాచలం &#62; 43

60 అంటే <, 62 అంటే >. భద్రాచలంలో మొదటి హెచ్చరిక 43 అడుగులకి, అక్కడ పెరిగాకే కదా నీళ్ళు కిందకి మన దగ్గరికి వచ్చేది, కాబట్టి ఇలాంటి లైను మామూలే. దీన్ని ముందే అన్‌ఎస్కేప్ చేసి తర్వాత ట్యాగులు తీశారా, ఆ రెండు గుర్తుల మధ్యది మొత్తం ట్యాగే అనుకుని ఎగరగొట్టేసి "ధవళేశ్వరం 43" అని చేతిలో పెడుతుంది. ఎర్రర్ రాదు, ఏమీ రాదు. లంకలో ఉన్నవాళ్ళకి ఆ మెసేజ్ వెళ్తే ఏమవుద్దో ఆలోచించండి. అందుకే ట్యాగులన్నీ పోయాకే అన్‌ఎస్కేప్, అదీ ఒక్కసారే. కొన్ని పేజీల్లో తెలుగు అక్షరాలే అంకెలుగా ఉంటాయి, &#3077; అంటే అ, అవి కూడా ఈ దెబ్బతో విడిపోతాయి.

వచ్చిన టెక్స్ట్‌లో మాటలు ఏరాలంటే పైథాన్ మామూలు రెజెక్స్‌లో బ్యాక్‌స్లాష్ డబ్ల్యూని (మాటలో వచ్చే అక్షరం ఏదైనా అని చెప్పే గుర్తు) నమ్మకండి. గుణింతం గుర్తుల్ని అది అక్షరాల కింద లెక్కేయదు. గోదావరి ఇస్తే గ, ద, వర అని మూడు ముక్కలు చేసి ఇస్తుంది, చూస్తే ప్రాణం ఉసూరుమంటది. యూనికోడ్‌లో తెలుగుకి 3072 నుంచి 3199 దాకా చోటుంది, ఆ రేంజి మొత్తం బ్రాకెట్లో పెట్టేయండి. ఆ ఆఖరి 3199 ఏంటో తెలుసా, తూము గుర్తు! వడ్లు కొలిచిన మన తూమే, నాకైతే అది చూసినప్పుడల్లా భలే సంతోషం.

ఆ రేంజికి 8204 (జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు) కూడా చేర్చండి. "సాఫ్ట్‌వేర్" లాంటి మాటల్లో ట్ తర్వాత కంటికి కనపడకుండా ఉండేది అదే, తెలుగు రేంజికి బయట ఉంటది కాబట్టి వదిలేస్తే మాట సరిగ్గా అక్కడే రెండు ముక్కలవుద్ది.