ఎవరి మోకాలు?

ఫోన్ లెక్క ప్రకారం మేమిద్దరం డబ్బా నెత్తి మీదే నిలబడి ఉన్నాం. దూరం సున్నా మీటర్లు. చుట్టూ ఓక్ చెట్లు, చీలమండలు మునిగేంత ఎండుటాకులు. డబ్బా జాడ మాత్రం లేదు. మా అమ్మాయి ఉన్నచోటే రెండుసార్లు గెంతి, "ఇక్కడే ఉంటే కాలికి తగలాలి కదా నాన్నా?" అంది. 20 వేల కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలు మమ్మల్ని ఆ చెట్ల దాకా తెచ్చి చేతులు దులిపేసుకున్నాయి. ఆ మిగిలిన ఐదారు మీటర్లూ మా ఖర్మ.

అసలు జియోక్యాషింగ్‌కి వెళ్దామా అన్నప్పుడు తను చేసిన మొదటి పని చిల్లర పర్సు వెతుక్కోవడం. క్యాష్ అంటే డబ్బే అనుకుంది పాపం. ఈ క్యాష్ వేరు తల్లీ, దాచిపెట్టిన సరుకు అని చెప్పాను. ఎవరో ఒక డబ్బాలో చిన్న పుస్తకం పెట్టి, ఎక్కడో దాచి, అక్షాంశ రేఖాంశాలు అందరికీ చెబుతారు. పట్టుకున్నవాళ్ళు ఆ పుస్తకంలో పేరూ తేదీ రాసి, ఎక్కడిదక్కడే పెట్టేసి రావాలి. లోపలున్న వస్తువు ఏదైనా నచ్చితే తీసుకోవచ్చు, బదులుగా దానికి తీసిపోనిది ఒకటి పెట్టాలి. అంతా విని పర్సు పక్కన పడేసి, డైనోసార్ షార్పెనర్ జేబులో వేసుకుంది.

పిడుదులు పట్టకుండా ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపుకుని బయల్దేరాం. మొదటి కిలోమీటరు గురించి చెప్పడానికేం లేదు, ఒకటే బురద. ఆ బురద మరిపించడానికి ఈ ఆట పుట్టిన కథ చెప్పాను. 2000 మే నెల మొదట్లో అమెరికా ప్రభుత్వం, మామూలు జనం వాడే జీపీఎస్ సిగ్నల్‌లో కావాలని కలుపుతున్న తప్పును ఆపేసింది. అప్పటిదాకా వంద మీటర్ల దాకా అటూ ఇటూ చూపించిన యంత్రాలు రాత్రికి రాత్రి దారికొచ్చాయి. ఎంత దారికొచ్చాయో చూద్దామని మే 3న డేవ్ ఉల్మర్ అనే ఆయన ఆరెగాన్ రాష్ట్రంలో ఒక నల్ల ప్లాస్టిక్ బకెట్‌ను చాలా వరకు నేలలో పాతి, అది ఎక్కడుందో ఇంటర్నెట్‌లో ప్రకటించాడు. అందులో పుస్తకాలు, వీడియోలు, డబ్బులు, ఉండేలు, ఒక బీన్స్ డబ్బా.

బీన్స్ అనగానే తను ఆగిపోయింది. ముందురోజు రాత్రే నియమాలన్నీ చదివించాను మరి. తిండి పెట్టకూడదు, వాసనకి జంతువులొచ్చి డబ్బా కొరికేస్తాయి. అనుమతి లేకుండా నేలలో పాతకూడదు.

"అంటే మొట్టమొదటి డబ్బానే రూల్స్ తప్పిందా?"

"అప్పటికింకా రూల్సే లేవమ్మా."

"ఆయన్ని చూసే పెట్టుంటారు."

పాపం ఉల్మర్.

మా మొదటి డబ్బా కష్టం ఒకటిన్నర. ఒకటి నుంచి ఐదు దాకా ఉండే కొలతలో అది దాదాపు పసిపిల్లల ఆట. పడిపోయిన మాను కింద బెరడు ముక్కలు వరసగా, బుద్ధిగా నిలబడి ఉన్నాయి. చెట్టు రాల్చిన బెరడు అలా క్యూ కట్టదు. నేను ఫోన్ చూస్తూ దాటిపోయాను కానీ తను దాటలేదు. మూత తీయగానే తడి గుడ్డ వాసన. జిప్ కవర్లో అంచులు వంకర్లు తిరిగిన నోటు పుస్తకం, ఒక రబ్బరు బాతు, నాలుగు రంధ్రాల పెద్ద కొయ్య బొత్తాం, ములుకు పూర్తిగా అరిగిపోయి కర్ర మాత్రం మిగిలిన పెన్సిల్. ఆ పెన్సిల్‌ని కాసేపు ఎగాదిగా చూసి, జేబులోంచి షార్పెనర్ తీసి, నాలుక బయటపెట్టి మరీ చెక్కింది. పొట్టు ఆకుల మీద పడి, అదీ ఒక రకం ఆకులా కలిసిపోయింది. పుస్తకంలో తన పూర్తి పేరు రాసుకుంది. కింద నా కోసం 'నాన్న' అని మాత్రం రాసింది. ఎవరి నాన్నో చదివినవాళ్ళే తేల్చుకోవాలి. షార్పెనర్ డబ్బాలో పెట్టి బొత్తాం తీసుకుంది. నష్టబేరమే కదా అన్నాను. "పెన్సిల్ వాళ్ళ దగ్గరుంది కదా నాన్నా" అంది.

రెండో డబ్బా కష్టం మూడు. అది ఫిల్మ్ డబ్బీ అంత ఉంటుంది. దగ్గరికొచ్చాక ఫోన్‌లో దారి చూపే సూది పిచ్చిపట్టినట్టు తిరగడం మొదలుపెట్టింది. దట్టమైన చెట్ల కింద ఇది మామూలే, సిగ్నల్ మానులకి తగిలి చుట్టుదారిన వస్తుంది. కొట్టుకుంటున్న సూదిని వెంబడించడం దండగ. సున్నా చూపించిన చోట సంచీ పెట్టి, ఇరవై అడుగులు వెనక్కెళ్ళి, ఇంకో వైపు నుంచి మళ్ళీ రావాలి. అలా మూడు దిక్కుల నుంచి వస్తే మూడు సున్నాలు దొరికాయి. ఒక్కోటీ ఒక్కో చెట్టు దగ్గర.

ఇక డబ్బా దాచినవాళ్ళు ఇచ్చిన హింట్ విప్పక తప్పలేదు. దాన్ని చదవగానే అర్థం కాకుండా ఇంగ్లిష్ అక్షరాలను పదమూడేసి స్థానాలు జరిపి రాస్తారు. 'ఏ' ఉండాల్సిన చోట 'ఎన్' ఉంటుంది, 'ఎన్' చోట 'ఏ'. ఫోన్ అడిగితే క్షణంలో విప్పేస్తుంది, కానీ తను ఒప్పుకోలేదు. ముంజేతి మీద పెన్నుతో రెండు వరసలు రాసుకుని ఒక్కో అక్షరం విప్పింది. పది నిమిషాల కష్టానికి వచ్చిన ఫలితం రెండు ముక్కలు: మోకాలి ఎత్తు.

"ఎవరి మోకాలు?" అంది.

నా మోకాలి ఎత్తున నేనూ, తన మోకాలి ఎత్తున తనూ మూడు చెట్లనీ తడిమాం. నాచు, సాలెగూడు, ఒక నత్త. కుక్కతో ఒకాయన వస్తుంటే ఆకులు ఏరుతున్నట్టు నటించాం. ఆట తెలియని బయటివాళ్ళ కంట పడకూడదు, పడితే తరవాత డబ్బా ఉంటుందో ఉండదో. మా నటన ఎంత బాగుందంటే ఆయన నిలబడి, ఎర్రటి ఆకులు అటువైపు ఎక్కువున్నాయని చూపించి మరీ వెళ్ళాడు. అదే సమయానికి ఒక ఉడుత మా ముందే నేల గీరి ఓక్ గింజ పాతి, ముందు కాళ్ళతో మట్టి తట్టి, పైన ఆకులు సర్దింది. ఒక్కో గింజ ఒక్కో చోట దాచి మళ్ళీ వెతుక్కుంటుంది. సూదీ లేదు, హింటూ లేదు. నిజం చెప్పొద్దూ, కాస్త ఒళ్ళు మండింది.

ముప్పావు గంట గడిచింది. ఆకు రాలే కాలంలో పొద్దు చెప్పాపెట్టకుండా వాలిపోతుంది. పద, ఇంకోసారి వద్దాం అన్నాను.

"మరి రాయవా? దొరకలేదని."

దొరక్కపోతే ఆ మాట కూడా ఇంటర్నెట్‌లో ఆ డబ్బా పేజీలో రాయడం మర్యాద అని చెప్పింది నేనే. కానీ మా కంటే ముందు వచ్చినవాళ్ళంతా 'రెండు నిమిషాల్లో దొరికింది', 'భలే చోటు' అని రాసి ఉన్నారు. వాళ్ళ కింద నా పేరుతో 'దొరకలేదు'. ఇంటికెళ్ళాక రాద్దాంలే అన్నాను. ఇంటికెళ్తే రాయనని తనకి తెలుసు. "డబ్బా నిజంగానే పోయిందేమో నాన్నా. మనం చెప్పకపోతే పెట్టినవాళ్ళకి ఎలా తెలుస్తుంది?" అంటూ దారికి అడ్డంగా నిలబడింది. వెలుగు తగ్గుతుండగా, మొద్దుబారిన వేళ్ళతో అక్కడే టైపు చేశాను. ముప్పావు గంట అని కూడా రాయమంది. రాశాను.

నాలుగు రోజులకి డబ్బా పెట్టినాయన దగ్గర్నుంచి జవాబొచ్చింది. ప్రత్యేకంగా వెళ్ళి చూశాడట, ఎక్కడ పెట్టింది అక్కడే ఉందట, చెప్పినందుకు థాంక్స్ అట. నేను చదివి వినిపిస్తుంటే మా అమ్మాయి కొయ్య బొత్తానికి దారం ఎక్కిస్తూ తలెత్తకుండా అడిగింది.

"ఎంత పొడుగుంటాడో అడిగావా?"