రోహిణి కార్తెలో రోహిణి కనపడదు

రోహిణి కార్తెలో ఒంగోల్లో మిద్దె మీద పడుకుంటే నిద్ర ఎక్కడ పడుతుంది, రోళ్లు పగిలే ఎండకి రాత్రయినా గచ్చు సెగలు కక్కుతూనే ఉంటుంది. సంక్రాంతికి చూపించిన మూడు చుక్కలు, అదే ఓరియన్ అనే వేటగాడి ఆకారంలో ఉండే చుక్కల గుంపుకి నడుము పట్టీ, ఏవి బాబాయ్ అని మా అన్న కూతురు ఒకటే గోల. జనవరిలో రాత్రి 8 గంటలకే తూర్పున బాగా పైకొచ్చి ఉండేవి, ఇప్పుడు ఆకాశమంతా వెతికినా లేవు.

ఎక్కడికీ పోలేదు, సూర్యుడి వెనకాల ఉన్నాయి. భూమి సూర్యుడి చుట్టూ రోజుకి దాదాపు 1 డిగ్రీ జరుగుతుంది కదా, అందుకని ఏ చుక్కయినా నిన్నటికంటే ఇవాళ సుమారు 4 నిమిషాలు ముందే ఉదయిస్తుంది. నెలకి 2 గంటలు. ఆరు నెలలు గడిచేసరికి అర్ధరాత్రి నెత్తిమీద ఉండేది కాస్తా మిట్టమధ్యాహ్నం నెత్తిమీద ఉంటుంది, ఆ వెలుతురులో ఎవరికి కనపడుతుంది?

నాకు భలే నచ్చిన సంగతేంటంటే మన రైతులు విత్తనాలకి చూసుకునే కార్తెలన్నీ ఈ లెక్కే. రోహిణి కార్తె అంటే సూర్యుడు రోహిణి నక్షత్రం దగ్గర ఉన్నాడని, అంటే ఆ రోజుల్లో రాత్రిపూట రోహిణి అసలు కనపడదు! అదే కార్తీక పౌర్ణమికి, మనమంతా కొత్తపట్నం సముద్ర స్నానాలకి పోయేటప్పటికి, సూర్యుడు అటుపక్కకి పోయుంటాడు, రోహిణి పక్కనుండే చుక్కల గుంపు కృత్తికలు రాత్రంతా పైనే ఉంటాయి (పక్కనే నిండు చంద్రుడు కాబట్టి కాస్త మసగ్గా).

పాపకి ఇదంతా ఎక్కలేదు. దక్షిణం వైపు వృశ్చికం చూపించా, ఎర్రటి చుక్క జ్యేష్ఠ, కింద వంకర తోక, అచ్చం తేలే. కుడుతుందా బాబాయ్ అని అంత ఉక్కలోనూ దుప్పటి ముసుగేసింది.