ఇంతే మేడం

పడకగదిలో ఏసీ పోయింది. ఇంతకుముందు నేను రాసిన ఫ్రిజ్, గేటు, స్కూటర్ సైలెన్సర్ తుప్పు కథలు చదివినవాళ్లు నవ్వుకోవచ్చు, నేనేమీ అనుకోను. రాత్రి పదకొండున్నర. మా ఆయన, చిన్నది హాల్లో ఫ్యాన్ కింద పడి నిద్రపోతున్నారు. నేను మెడ చుట్టూ తడి తువ్వాలు వేసుకుని ఇది రాస్తున్నాను. ఉక్కకైతే అలవాటు పడ్డాను. మధ్యాహ్నం మెకానిక్ అబ్బాయి అన్న మాటే మింగుడు పడట్లేదు.

బయట గోడకున్న యూనిట్ విప్పాడు. వెనకాల సన్నటి అల్యూమినియం రేకులుంటాయి కదా, వేలు తగిలితే వేయించిన అప్పడంలా రాలిపోయాయి. గొట్టానికి చిల్లు పడి గ్యాసంతా పోయింది. ఇనప స్టాండు ఒక కాలు సగానికి తుప్పు తినేసింది. కొని మూడేళ్లే కదా బాబూ అంటే, తల కూడా ఎత్తకుండా "సముద్రం పక్కనుంటే ఇంతే మేడం" అన్నాడు. కాయిలు, గ్యాసు, స్టాండు కలిపి పద్నాలుగు వేలు. తుప్పుకి వారంటీ వర్తించదట. కాగితంలో చివర చీమతలకాయంత అక్షరాల్లో ఉంది, చూపించాడు కూడా.

సరిగ్గా అప్పుడే విజయవాడ నుంచి అత్తయ్య ఫోన్. అక్కడ 44 డిగ్రీలట, పొద్దున్నుంచి కరెంటు లేదట. "మీకేంటమ్మా, సముద్రం పక్కన చల్లగా ఉన్నారు" అంది. నేను పొడిపొడిగా రెండు మాటలు మాట్లాడి పెట్టేశాను. చల్లగానా? విశాఖలో 35 డిగ్రీలంటే ఎలా ఉంటుందో ఇక్కడ ఉన్నవాళ్లకే తెలుసు. చెమట పడుతుంది గానీ ఆరదు. ఉతికిన బట్టలూ ఆరవు. ఉప్పు డబ్బాలో ఉప్పు నీరుగారిపోతుంది. పొద్దున తుడిచిన అద్దం సాయంత్రానికి జిడ్డు.

ఆ జిడ్డు ఏమిటో నాకు తెలుసు. అల విరిగినప్పుడు నురగలో కోట్ల బుడగలు పేలతాయి. ఒక్కోటీ పేలుతూ కంటికి కనపడని తుంపర్లు పైకి చిమ్ముతుంది. గాలిలో నీరు ఆరిపోతుంది, ఉప్పు మిగులుతుంది. అది మా కిటికీకీ, గేటుకీ, ఏసీకీ అంటుకుంటుంది. ఉప్పు ఊరుకోదు కదా, గాలిలోని తేమని లాక్కుని తన చుట్టూ పెట్టుకుంటుంది. అంటే వాన పడకపోయినా మా ఇనుము ఏడాది పొడుగునా తడిగానే ఉంటుందన్నమాట.

తెలుసు అని ఎందుకన్నానంటే, ఒకసారి నాకి చూశాను. 2014 అక్టోబర్ 12, హుద్‌హుద్ తుపాను రోజు. (పిట్ట పేరట. ఒమన్ వాళ్లు పెట్టారు. ఆ పిట్టని నేనింతవరకు చూడలేదు, చూడాలనీ లేదు.) చిన్నది అప్పుడు ఒళ్లో పిల్ల. దసరాకి వచ్చిన అత్తయ్య ఇంకా మా ఇంట్లోనే ఉంది. గంటకి 180 కిలోమీటర్ల గాలి అని ముందురోజు టీవీలో విన్నాం గానీ, ఆ అంకెకి శబ్దం ఉంటుందని తెలియదు. బాల్కనీ తలుపు లోపలికి ఉబ్బుతోంది. డైనింగ్ టేబుల్ అడ్డం పెట్టి నేనూ మా ఆయనా నెడుతుంటే, అత్తయ్య వచ్చి టేబుల్ మీద ఎక్కి కూర్చుంది. "నా బరువు ఇన్నాళ్లకి పనికొచ్చింది" అంది. ఆ గాలిలో ఆ మాటకి ముగ్గురం పిచ్చిగా నవ్వాం. మధ్యలో ఒక్కసారిగా అంతా ఆగిపోయింది. అయిపోయిందనుకుని పక్కవాళ్లు మెట్లమీదికి వచ్చేశారు. అది తుపాను కన్ను, అంటే నడిమధ్యలో గాలి నిలిచిపోయే చోటు. తర్వాత గాలి అటునుంచి మొదలైంది, ఈసారి వంటింటి కిటికీ వంతు.

మర్నాడు చూస్తే కొండలు గోధుమరంగులో ఉన్నాయి. నిలబడ్డ చెట్లకి కూడా ఆకులు లేవు, ఉన్నవి కాల్చినట్టు మాడిపోయాయి. ఊళ్లో కరెంటు లేదు, పాలు లేవు, నీళ్లు లేవు. కిటికీ అద్దం తెల్లగా ఉంటే ధూళేమో అని వేలితో గీసి నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పు. అత్తయ్య కూడా నాకి చూసి, "మీ ఊరికి ఊరగాయ పెట్టేసింది" అంది. ఆవిడకిది ఒక్కటీ గుర్తుండదు. చల్లగా ఉన్నారన్నదే గుర్తుంటుంది.

ఇక్కడిదాకా కోపంగా రాసి, లేచి నీళ్లు తాగి వచ్చాను. ఇప్పుడు చదివితే సముద్రం మీద కేసు పెట్టినట్టుంది.

మళ్లీ మొదటినుంచి. ఆ ఉప్పు రేణువులే పైకిపోయి మేఘాలకి పనికొస్తాయి. ఆవిరి నీటిబొట్టు కావాలంటే పట్టుకోవడానికి ఏదో ఒక నలుసు ఉండాలి. ఆవిరి కూడా సముద్రానిదే, భూమ్మీంచి పైకి లేచే నీటిలో సుమారు 86 శాతం సముద్రాల నుంచే లేస్తుంది. అంటే నా ఏసీ రేకుల్ని తిన్న జాతి ఉప్పే రేపు జూన్‌లో వానగా ఎక్కడో నారుమడిలో పడొచ్చు. పద్నాలుగు వేలు ఇస్తే తిరిగిరావు, అది వేరే సంగతి.

వేడి సంగతి అంతకంటే ఇరకాటం. ఒకే బరువు ఇసుకా నీళ్లూ తీసుకుంటే, నీళ్లని ఒక్క డిగ్రీ పెంచడానికి దాదాపు అయిదు రెట్లు వేడి కావాలి. సముద్రం నేలంత త్వరగా కాగదు, అందుకే మాకు 35, విజయవాడకి 44. మచిలీపట్నం డెబ్బై కిలోమీటర్లలో ఉన్నా సముద్రపు గాలి చాలా రోజులు అంతదూరం పోదు. కాబట్టి అత్తయ్య అన్నది తప్పు కాదు. రాయడానికి కష్టంగా ఉంది గానీ, తప్పు కాదు.

అయినా ఒక మెలిక ఉంది. మనుషులం పొగ పెట్టి ఇన్నేళ్లుగా పెంచిన వేడిలో 90 శాతానికి పైగా సముద్రాలే తాగాయట. అది అక్కడ ఊరికే కూర్చోదు. మన బంగాళాఖాతం మరీను. గంగా, బ్రహ్మపుత్రా, గోదావరీ తెచ్చిన మంచినీళ్లు తేలిగ్గా పైన పొరలా పరుచుకుంటాయి, కింది చల్లటి నీళ్లతో కలవనివ్వవు. పైపొర గిన్నె మీద మూతలా వేడెక్కుతుంది. తుపానుకి కావాల్సిందదే. అంటే టేబుల్ మీద అత్తయ్య కూర్చోవడానికి కారణమూ వేడిని తాగే ఆ సముద్రమే, ఈ మధ్యాహ్నం నన్ను చూసి కుళ్లుకోవడానికి కారణమూ అదే. ఇది ఆవిడకి ఫోన్‌లో చెబితే, ముందు ఏసీ బాగుచేయించుకోమంటుంది.

ఫోన్ అలా పెట్టేయకుండా ఉండాల్సింది. కరెంటు వచ్చిందో లేదో కూడా అడగలేదు. ఈ టైముకి చేస్తే కంగారు పడుతుంది.

మెకానిక్ వెళ్తూ, వారానికోసారి యూనిట్‌ని మంచినీళ్లతో కడిగితే ఇంకో రెండేళ్లు ఎక్కువ వస్తుందన్నాడు. ఆ ముక్క మూడేళ్ల క్రితం బిగించినవాళ్లు చెప్పుంటే ఏం పోయింది? స్టాండు ఈసారి స్టెయిన్‌లెస్ స్టీలుది వేయమన్నాను. దానికి ఇంకో రెండు వేలు. మా ఆయనకి ఇంకా చెప్పలేదు.