పోచంపల్లి మగ్గం మీద ఓంపురి

నల్లగొండలో హైదరాబాద్ బస్సెక్కి చౌటుప్పల్‌లో దిగి, అక్కడ పోచంపల్లి ఆటో పట్టుకున్నాను. పక్కన కూర్చున్నామె "చీరలకా?" అని అడిగింది. ఓంపురి కోసం అని చెబితే ఏమనుకుంటుందోనని అవునన్నాను.

1987లో శ్యాం బెనగళ్ తీసిన 'సుస్మన్' పోచంపల్లి నేతన్నల కథ. రాములుగా ఓంపురి, భార్య గౌరమ్మగా షబానా ఆజ్మీ చేశారు. పాల రైతుల డబ్బుతో 'మంథన్' తీసిన బెనగళ్, దీన్ని చేనేత సహకార సంఘాల డబ్బుతో తీశాడు. ఆయన మన సికింద్రాబాద్ తిరుమలగిరిలో పుట్టినవాడే కాబట్టి ఈ ఊరిమీదికి ధ్యాస పోవడంలో వింత లేదు. ఓంపురి సంగతి వేరు. ఎక్కడో అంబాలాలో పుట్టాడు. చిన్నతనంలో టీ కొట్లో గ్లాసులు కడిగాడు. ముఖం నిండా స్ఫోటకపు మచ్చలు. ఆ ముఖంతోనే ఢిల్లీ నాటక పాఠశాలకూ, తర్వాత పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌కూ వెళ్లాడు. 'ఆరోహణ్', 'అర్ధసత్య' సినిమాలకు ఉత్తమ నటుడిగా జాతీయ అవార్డులు తెచ్చుకున్నాక వచ్చి ఈ గుంట మగ్గంలో కాళ్లు పెట్టాడు. ఆ గుంట ఎట్లా ఉంటుందో చూడాలనే నా ఆశ.

ఊళ్లోకి రాగానే భూదాన స్మారకం కనిపిస్తుంది. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇచ్చింది ఇక్కడే. అందరూ ఫొటో దిగే చోటే కాబట్టి నేనూ ఒకటి దిగి, మగ్గాల చప్పుడు వినిపించిన సందులోకి మళ్లాను.

ఒక ఇంటి అరుగు మీద ఒకామె చిటికి కడుతోంది. చట్రానికి బిగించిన పట్టు పోగుల మీద బొగ్గుతో గీతలు పెట్టి ఉన్నాయి. రంగు అంటకూడని చోటల్లా సన్నగా కోసిన రబ్బరు ట్యూబు ముక్క చుట్టి ముడేస్తోంది. చూపు పక్కకు తిప్పకుండానే నాతో మాట్లాడుతోంది. ఈ ముడులు వేసి, అద్దకం వేసి, విప్పి, మళ్లీ వేరేచోట కట్టి ఇంకో రంగులో ముంచాలి. డిజైనంతా పోగు మీదే తయారై, మగ్గం ఎక్కాక గళ్లకు గళ్లు కలవాలి. ఒక పోగు జరిగినా పువ్వు అంచు చెదిరిపోతుంది.

లోపల ఆసు యంత్రం తిరుగుతోంది. చిటికి కట్టే ముందు పట్టు పోగును మేకుల చుట్టూ వరసగా పోయడమే ఆసు. అది చేతి పనిగా ఉన్న రోజుల్లో ఒక్క చీరకు దాదాపు తొమ్మిది వేల సార్లు చెయ్యి అటూ ఇటూ ఆడేది. ఆలేరు దగ్గరి శారాజీపేట వాసి చింతకింది మల్లేశం, తల్లి భుజాల నొప్పి చూడలేక ఈ యంత్రం చేసి, ఆమె పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. 'సుస్మన్' నాటికి ఇది లేదు.

వెనక గదిలో మగ్గం. నేలలో గుంట, గుంటలో కాళ్లు, ఎదురుగా దువ్వెనలాంటి పన్నె. పెద్దాయన పోగును అటూ ఇటూ నడిపే నాడె ఆపి "రా బిడ్డా, కూసో" అన్నాడు. నేను వచ్చిన పని చెప్పి, ఫోన్లో 'సుస్మన్' ముక్క ఒకటి పెట్టి చూపించాను. ఓంపురి మగ్గం మీదున్న సీను. పెద్దాయన కళ్లద్దాలు సవరించుకుని చూశాడు. ముఖం దిక్కు చూడనే లేదు. చూపంతా చేతుల మీదే.

"ఎట్లుంది తాతా?"

"నడుము జూడు. గుంటల కూసున్నోని నడుము గట్లనే వంగుతది. నేర్చుకున్నడు."

"చేతులో?"

"చేతులకింకో ఏడాది కావాలె."

ఓంపురి గురించి నేను చదివిన సమీక్షలన్నీ ఒక ఎత్తు, ఈ మాట ఒక ఎత్తు. ఆయన తర్వాత 'సిటీ ఆఫ్ జాయ్' (1992)లో కలకత్తా రిక్షా లాగేవాడయ్యాడు. 'ఈస్ట్ ఈజ్ ఈస్ట్' (1999)లో ఇంగ్లండులో చిప్స్ దుకాణం నడిపే కోపిష్టి పాకిస్తానీ తండ్రి. దానికి బ్రిటిష్ సినిమా అవార్డు బాఫ్తాకు నామినేషన్, 2004లో బ్రిటన్ ప్రభుత్వ గౌరవ పురస్కారం ఓబీఈ. 'చార్లీ విల్సన్స్ వార్'లో పాకిస్తాన్ నియంత జియా ఉల్ హక్. మధ్యలో మన ఉమామహేశ్వరరావు 'అంకురం'లోనూ కనిపించాడు. 2017 జనవరి 6న పోయాడు. లోకమంతా ఆయన గొంతు గురించే చెబుతుంది. నాకు మాత్రం రిక్షా పట్టినా, 'అర్ధసత్య'లో పోలీసు లాఠీ పట్టినా, ముందు ఒళ్లు ఆ పనికి వంగడం కనిపిస్తుంది. గొంతు ఆ తర్వాతే. జియా పాత్రలో వంచే పని లేదు గనుకనేమో, అది నాకు అంతగా ఎక్కలేదు.

సినిమాలో రాములు కష్టం పట్టు బాకీ, ఆర్డరు, కూతురి పెళ్లి చుట్టూ తిరుగుతుంది. ఆ బాధ ఇప్పుడూ ఉందా అని అడిగాను. పెద్దాయన భార్య అందుకుని, ఇట్లా ముడులేసి అద్దే ఇక్కత్ బొమ్మను మిల్లు గుడ్డ మీద అచ్చేసి పోచంపల్లి పేరుతోనే అమ్ముతున్నారని గట్టిగానే తిట్టింది. ఆ పేరు ఈ ప్రాంతపు నేతకే చెల్లుతుందనే జీఐ ముద్ర వచ్చి ఎన్నో ఏళ్లయినా ఈ అమ్మకం ఆగలేదట. ఆమె చూపించిన వాటిలో ఒక నూలు చీర తీసుకున్నాను. బేరం ఆడలేదు.

బయల్దేరుతుంటే తాత సినిమా మొత్తం చూస్తానని, మనవడి ఫోనుకు పంపమని అడిగాడు.

"మొత్తం హిందీలో ఉంటది తాతా."

"హిందీ నాకు మంచిగొస్తది. బొంబాయి దిక్కు భివండీల పవర్లూమ్ మీద పదేండ్లు చేసిన" అన్నాడు, నాడె మళ్లీ చేతిలోకి తీసుకుంటూ.