గోడ మీద రెండు గీతలు

ఆదివారం, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

ఇవాళ్టి కరాటే క్లాసులో కిక్కులు తక్కువ, సుద్దముక్క పని ఎక్కువ. పిల్లల్ని ఒక్కొక్కరిగా గోడకి వీపు ఆనించి నిలబెట్టడం, పక్కనున్నవాళ్ళు మడమ పట్టుకుని కాలుని గోడ వెంబడే పక్కకి మెల్లిగా ఎత్తడం, ‘చాలు’ అన్న చోట గీత గీయడం. తర్వాత చెయ్యి వదిలేయాలి. కాలు కొంత కిందకి జారుతుంది. సొంత బలంతో మూడు సెకన్లు ఆపగలిగిన చోట రెండో గీత. ఈ రెండు గీతల మధ్య దూరమే ఈ నెలంతా ఎవరికి ఏ కసరత్తు అన్నది తేలుస్తుంది.

తేడా జానెడు లోపుండి, రెండు గీతలూ నడుం కిందే ఉంటే కండరం నిజంగానే బిగువుగా ఉంది, సాగదీయాలి. పై గీత ఛాతీ దగ్గర, కింది గీత మూరెడు కిందకి ఉంటే ఆ పిల్లకి ఇంకా సాగదీత అక్కర్లేదు, కాలు ఎత్తే బలం కావాలి. తమాషా ఏంటంటే, స్ప్లిట్, అంటే రెండు కాళ్ళూ పూర్తిగా విడదీసి నేలకి ఆనించడం, వచ్చినవాళ్ళలోనే ఈ రెండో రకం ఎక్కువ. స్ప్లిట్‌లో ఒంటి బరువే కాళ్ళని విడదీస్తుంది. కిక్కులో ఆ పని తుంటి ముందు, పక్క కండరాలది. కాలు పైకి వెళ్ళేకొద్దీ ఆ కండరాలు కుంచించుకుపోతాయి. బాగా కుంచించుకున్నప్పుడు ఏ కండరానికైనా బలం తక్కువే. అందుకని ఆ ఎత్తులోనే దానికి పని చెప్పాలి.

తల ఎత్తున కిక్కు కొట్టాలన్న మోజు ఊరికే రాలేదు. ప్రపంచ కరాటే సమాఖ్య నిబంధనల్లో కుమితేలో (ఇద్దరు తలపడే పోటీలో) తలకి తగిలే కిక్కుకి 3 పాయింట్లు, ఒంటికి తగిలే కిక్కుకి 2, గుద్దుకి 1. “మాస్టారూ, మా వాడికి స్ప్లిట్ ఎప్పుడొస్తాదండి?” అని తల్లిదండ్రులు అడుగుతారు. “ముందు నడుం ఎత్తున కాలు ఆపనీయండి” అన్నదే జవాబు. రెండు పాయింట్లు తక్కువేం కాదు.

బలం లేనివాళ్ళకి ఇచ్చినవి మూడే. మొదటిది, నేల మీద కాళ్ళు చాపి నిటారుగా కూర్చుని, అరచేతులు మోకాళ్ళకి అటూ ఇటూ నేల మీద పెట్టి, ఒక కాలుని మోకాలు వంచకుండా బెత్తెడు ఎత్తి దించడం. కాలికి ఎనిమిది నుంచి పది సార్లు. వెనక్కి వాలితే సులువైపోతుంది, దొంగతనం అక్కడే జరుగుతుంది. చేతులు పాదాల వైపు జరిపేకొద్దీ కష్టం పెరుగుతుంది. మొదటి వారం తొడ ముందు భాగం పట్టేస్తుంది. భయం లేదు, కాలు విదిలించి, లెక్క తగ్గించి మళ్ళీ మొదలుపెట్టొచ్చు. రెండోది, నిలబడి మోకాలు ఛాతీ వైపు ఎత్తి, చేతుల సాయం లేకుండా ఐదు సెకన్లు ఆపడం, కాలికి ఐదు సార్లు. మూడోది అసలైనది, నెమ్మది కిక్కు: గోడ పట్టుకుని మోకాలు మడిచి ఎత్తి రెండు సెకన్లు, మూడు సెకన్లలో కాలు చాపి, రెండు సెకన్లు ఆపి, మళ్ళీ మడిచి, అప్పుడు దించాలి. కాలికి ఐదు చొప్పున మూడు విడతలు. చాపేటప్పుడు మోకాలు కిందకి జారిందంటే ఆ విడత అక్కడితో సరి. అలిసిపోయిన కాలితో చేసిన మిగతావి జారుడునే అలవాటు చేస్తాయి. ఇవి వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు.

ఇక బిగువుగా ఉన్నవాళ్ళు. వీళ్ళకి బెల్టే పరికరం. వెల్లకిలా పడుకుని, బెల్టు అరికాలికి వేసి, కాలు చాపి మీదికి లాగాలి. రెండో కాలు నేలకి ఆని ఉండాలి. 30 సెకన్లు ఆపాక, మడమతో బెల్టుని కిందకి నెట్టాలి. సగం బలం చాలు, ఐదారు సెకన్లు. వదిలి, గాలి బయటికి వదులుతూ ఇంకాస్త లాగి 20 నుంచి 30 సెకన్లు. ఇలా మూడుసార్లు. ఈ నెట్టి లాగే పద్ధతి వారానికి రెండు మూడు రోజులే. పోటీకి ముందురోజు అసలొద్దు. కూర్చుని కాలి వేళ్ళు అందుకునే పాత పద్ధతి కంటే ఇది మేలనడానికి కారణముంది. అక్కడ వేళ్ళు అందుకోవాలన్న ఆరాటంలో వీపు విల్లులా వంగిపోతుంది, తొడ వెనక కండరం మాత్రం ఉన్నచోటే ఉంటుంది. కూర్చునే చేయాలంటే పిరుదుల కింద మడిచిన తువ్వాలు పెట్టుకుని, వీపు నిటారుగా ఉంచి, తుంటి దగ్గర వంగాలి. లాగుడు తొడ మధ్యలో తెలియాలి. మోకాలి వెనక సన్నగా జివ్వుమంటే అది నరమో పిక్కో. పాదం వదులు చేసి కాస్త వెనక్కి రావాలి.

ఇంటర్ పిల్లల బాధ వేరు. పొద్దుట్నించి రాత్రి దాకా బెంచీ మీదే కూర్చోవడం, తుంటి ముందు కండరం మడత విప్పుకునే అవకాశమే ఉండదు. ఒక మోకాలు నేల మీద, రెండో పాదం ముందుకి పెట్టి, వెనక కాలి వైపు పిరుదు బిగించి, ఆ తర్వాతే రెండు మూడు అంగుళాలు ముందుకి జరగాలి. పిరుదు బిగించకుండా ఎంత ముందుకెళ్ళినా నడుమే ఒంగుతుంది, నొప్పీ నడుముకే వస్తుంది. అద్దంలో మాత్రం చాలా లోతుగా వెళ్ళినట్టు కనిపిస్తుంది!

పక్క స్ప్లిట్ గురించి గట్టిగా ఒక మాట. వెనక నిలబడి భుజాలు నొక్కడం, మోకాళ్ళ మీద ఎక్కడం ఈ క్లాసులో లేదు, ఉండదు. 13 నుంచి 17 ఏళ్ళ మధ్య పిల్లలకి కూర్చునే ఎముక దగ్గర పెరిగే భాగం ఇంకా పూర్తిగా అతుక్కోదు. తొడ వెనక కండరం బలంగా గుంజితే ఆ ఎముక ముక్కే ఊడి రావచ్చు. టప్‌మన్న చప్పుడు, ఒక్కసారిగా పిరుదు కింద నొప్పి, కూర్చోలేకపోవడం కనిపిస్తే అది ‘నరం పట్టేయడం’ కాదు. నూనె రాయకుండా, మర్దన చేయకుండా ఎముకల డాక్టరుకి చూపించి ఎక్స్‌రే తీయించాలి. ఇంకొకటి, కాళ్ళు విడదీసినప్పుడు గజ్జలో ముందువైపు గానీ తుంటి పక్కన గానీ ఏదో నొక్కుకున్నట్టుంటే తొడ ఎముక మెడ భాగం, ఆ ఎముక తల ఇమిడే తుంటి గిన్నె అంచుకి తగులుతోందన్నమాట. ఎముక సాగదు. నడుం కింది భాగాన్ని కాస్త ముందుకి వంచి చూడాలి. అప్పటికీ నొక్కుతుంటే ఆ మనిషి తుంటి నిర్మాణమే అంత, అక్కడితో ఆపడమే. మోకాలి లోపలివైపు నొప్పి వస్తే అది సాగదీత కానేకాదు, కీలు మీద పడుతున్న బరువు. కూర్చుని వేసే భంగిమకి మారాలి.

వేసే వేళ కూడా ముఖ్యమే. నిద్రలేవగానే ముందుకి వంగే సాగదీతలు వద్దు. రాత్రంతా వెన్నుపూసల మధ్య డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బి ఉంటాయి, కనీసం అరగంట ఆగాలి. తెల్లారగట్ల మంచం దిగి బండెక్కి నేరుగా ఆర్కే బీచ్‌కి వచ్చేవాళ్ళు ముందు కాళీ గుడి దాకా నడిచి రావడం మంచిది. విశాఖ ఉక్కపోతలో ఒక మోసం ఉంది: నిలబడ్డా చెమట పడుతుంది. చెమట పట్టిందని కండరం వేడెక్కినట్టు కాదు. ఐదు నుంచి ఏడు నిమిషాల పరుగు తప్పనిసరి. ఆ తర్వాత కాలు ఊపుడు, ముందుకీ వెనక్కీ, పక్కకీ, పది పన్నెండు చొప్పున. మోకాలి ఎత్తులో మొదలుపెట్టి విడత విడతకీ పెంచాలి. నిలబడ్డ కాలి మడమ లేవకూడదు. నిమిషం దాటి ఆపి ఉంచే సాగదీతలు క్లాసుకి ముందు చేస్తే కిక్కు బలం కాస్త తగ్గుతుంది, వాటిని చివరికి ఉంచాలి.

ఇసుకలో రౌండ్ కిక్కు మాత్రం వద్దు. ఈ కిక్కులో (మావాషీ గేరి) నిలబడ్డ పాదం తిరిగి మడమ ఎదుటివాడి వైపు రావాలి. ఇసుకలో కూరుకున్న పాదం తిరగదు, ఒళ్ళు తిరుగుతుంది, మధ్యలో మోకాలు మెలిపడుతుంది. పైగా ఒడ్డు వాలుగా ఉంటుంది కాబట్టి సముద్రం వైపు కాలు ఎప్పుడూ పల్లంలోనే. సగం సేపయ్యాక అటు తిరిగినవాళ్ళు ఇటు తిరగాలి.

రెండో గీత పైకి జరగడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పట్టొచ్చు. పై గీత తొందరగానే కదులుతుంది గానీ, మొదట్లో వచ్చే ఆ మార్పు ఎక్కువగా కండరం పొడవు పెరిగినందుకు కాదు, ఆ లాగుడుని ఒళ్ళు ఓర్చుకోవడం నేర్చినందుకు. వారం మానేస్తే అందుకే అంత తేలిగ్గా వెనక్కి పోతుంది.

గజ్జ పట్టేసినవాళ్ళకి ఇవాళ గీతలు గీయలేదు. వాళ్ళకి రెండు మూడు రోజులు సాగదీత బంద్. తర్వాత వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు మడిచి, మధ్యలో పిడికిలి పెట్టి నొక్కి చూడాలి. నొప్పి లేకుండా ఐదు సెకన్లు నొక్కగలిగితే మెత్తటి బంతితో అదే కసరత్తు, పది సార్లు. నొప్పి ఉంటే ఇంకో రెండు రోజులాగి మళ్ళీ అదే పరీక్ష. గట్టిగా నొక్కినా ఏమీ అనిపించని రోజునే వాళ్ళు గోడ దగ్గరికి రావాలి.