స్కోప్ కడిగే గదిలో ఒక పూట

ఇవాళ ఆసుపత్రిలో ఎండోస్కోప్‌లు (ఒంటి లోపలికి పంపి చూసే కెమెరా గొట్టాలు) శుభ్రం చేసే గదిలో చాలాసేపు నిలబడి చూశాను. పైకి ఒకటే గొట్టం, లోపల మాత్రం గాలికి, నీళ్లకి, సక్షన్‌కి (లోపలి ద్రవాలు పీల్చడానికి) వేర్వేరు దారులు. మోడల్ మారితే, ఆ దారుల్లోకి క్రిములు చంపే మందు పంపడానికి బిగించే కనెక్టర్లూ మారతాయి. తడి గ్లవ్స్‌తో అక్కడి అక్క వాటిని ఏరుకుని బిగిస్తుంటే నాకే టెన్షన్ వచ్చింది. ఒక్కటి సరిగ్గా కూర్చోకపోతే ఆ దారిలోకి మందు చేరదు, స్కోప్ మాత్రం బయటికి తళతళలాడుతూనే ఉంటుంది. డ్యూడెనోస్కోప్‌ల (చిన్నపేగు మొదటి భాగం దాకా వెళ్లే ఎండోస్కోప్‌ల) డిజైనే శుభ్రతకు అడ్డు పడొచ్చని అమెరికాలో మందులు, వైద్య పరికరాలను నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ 2015లోనే హెచ్చరించింది. అయినా "జాగ్రత్తగా చేయండి" అని ఆమెకే చెబుతున్నాం. ఇది అన్యాయం. తప్పు దారికి కనెక్టర్ అసలు పట్టకూడదు, సరైన దారిలో కూర్చుంటే టక్కుమని చేతికి తెలియాలి. ఆ పని డిజైనర్లుగా మాది. రేపు డ్రాయింగ్‌లో ముందుగా కనెక్టర్‌ని పట్టుకుని తిప్పే రెక్కలు పెద్దవి చేస్తున్నాను, తడి గ్లవ్స్‌తోనూ పట్టు దొరికేలా.