బాపట్ల ఇసుక గరప నేల: నా దొడ్డిలో ఏడాది లెక్కలు

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. మూడో రోజు దారి తెరుచుకోగానే దొడ్డి చూడడానికి వెళ్లాను. దారి పొడవునా కాలువ కింద నల్లరేగడి పొలాల్లో వరి నీళ్లలో పడి ఉంది. సూర్యలంక వైపు మళ్లి నా పన్నెండు సెంట్ల దొడ్డికి చేరేసరికి చెప్పులకు తడి ఇసుక అంటుకుంది, అంతే. ఎక్కడా నీరు నిలవలేదు. మునగ చెట్టు విరిగి పడింది కానీ వంగ మొక్కలు పచ్చగానే ఉన్నాయి.

మా అమ్మమ్మ ఊరు తెనాలి వైపు. వాన పడితే వారం దాకా పొలంలో అడుగు పెట్టనివ్వని మట్టిని చూస్తూ పెరిగినదాన్ని. ఈ నేల ఇంత తొందరగా నీటిని ఎలా వదిలేస్తుంది, నీటితోపాటు ఇంకేమి వదిలేస్తుంది, కొలిచి తెలుసుకోవాలనిపించింది. ఆ కొలతల నోటుపుస్తకం నుంచి ఇది.

ఫిబ్రవరి 2024

ముందుగా ఇది ఏ నేలో తేల్చుకోవాలి. పొడవాటి గాజు ఊరగాయ సీసాలో మూడో వంతు జల్లించిన మట్టి వేసి, నీళ్లు నింపి, చెంచాడు సబ్బుపొడి కలిపి అయిదు నిమిషాలు గట్టిగా ఊపాను. నిమిషంలో ఇసుక అడుగుకు చేరింది, గీత పెట్టాను. రెండు గంటలకు ఒండ్రు, మరో గీత. బంకమన్ను దిగి నీరు తేటపడడానికి రెండు రోజులు పట్టింది. మొత్తం 120 మిల్లీమీటర్లలో ఇసుక 82, ఒండ్రు 24, బంకమన్ను 14. అంటే సుమారు 68, 20, 12 శాతం. ఇది ఇసుక గరప నేల, అంటే ఇసుక ఎక్కువగా, ఒండ్రు, బంకమన్ను తక్కువగా కలిసిన నేల. సీసా లెక్క ప్రయోగశాల లెక్కంత కచ్చితం కాదు, బంకమన్ను ఉబ్బి కాస్త ఎక్కువ చూపిస్తుంది. అయినా ఏ తరగతి నేలో తెలుసుకోవడానికి సరిపోతుంది.

సీసా లేకపోయినా చేతితో చెప్పవచ్చు. తడి మట్టిని ముద్ద చేస్తే ముద్ద నిలుస్తుంది, ఉత్త ఇసుకైతే నిలవదు. అదే ముద్దను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కుతూ రిబ్బనులా సాగదీస్తే అంగుళం కూడా రాకుండా తెగిపోతుంది. చెవి దగ్గర పెట్టుకుని నలిపితే గరగరమని వినిపిస్తుంది. అరచేతిలో మిగిలే పలుచని గోధుమరంగు మరకే ఆ 12 శాతం బంకమన్ను. ఈ నేలలో పోషకాలను పట్టి ఉంచేది ప్రధానంగా ఆ మరక, దానితోపాటు కుళ్లిన ఆకు అలములు.

మట్టి పరీక్ష కేంద్రం నుంచి వచ్చిన కాగితం: ఉదజని సూచిక (pH) 7.4, లవణాలు తక్కువ, సేంద్రియ కర్బనం 0.28 శాతం. అర శాతం కంటే తక్కువైతే కొరత కిందే లెక్క.

ఏప్రిల్

నాలుగడుగుల గొయ్యి తవ్వించాను. పై జానెడు గోధుమరంగు, దాని కింద రెండున్నర అడుగుల దాకా లేత పసుపు, అంతకు కింద తెల్లబారిన ఇసుక. మూడున్నర అడుగులు దాటాకే తుప్పురంగు మచ్చలు కనిపించాయి. నీరు నిలిచి గాలి ఆడని చోట మట్టిలోని ఇనుము కరిగి, మళ్లీ గాలి తగిలినప్పుడు అలా మచ్చలు కడుతుంది. అంటే వానాకాలంలో నీటిమట్టం అంతవరకే వస్తోంది. పై మూడున్నర అడుగులూ వేళ్లకు గాలి అందుతుంది. వరద నీరు తీశాక ఏ ఎండాకాలంలోనైనా ఈ మచ్చల లోతు చూస్తే నేలలో ఎంత లోతు దాకా నీరు నిలవదో తెలిసిపోతుంది. స్థలం కొనేవాళ్లు తప్పకుండా చూడవలసింది ఇదేనని నా నమ్మకం.

నీరు ఇంకే వేగం కూడా కొలిచాను. అడుగు లోతు గుంటను ఒకసారి నింపి ఇంకనిచ్చి, రెండోసారి నింపి స్కేలు పెట్టాను. గంటకు 9 సెంటీమీటర్లు దిగింది. గుంటలో నీరు పక్కలకు కూడా పోతుంది కాబట్టి పైన పడే వాన ఇంత వేగంగా ఇంకదు. అయితే మడిని మడితో పోల్చుకోవడానికి ఈ అంకె బాగా పనికొస్తుంది.

మే

నాకు అన్నిటికంటే పనికొచ్చిన లెక్క ఈ నెలలోదే. బాగా వాన పడ్డ రెండు రోజుల తర్వాత జానెడు లోతు నుంచి 500 గ్రాముల మట్టి తీసి, ఇనుప పెనం మీద సన్నని సెగన ఎండబెడితే 442 గ్రాములు తూగింది. పోయిన నీరు 58 గ్రాములు, అంటే పొడి మట్టిలో 13 శాతం. మళ్లీ నీళ్లు పెట్టకుండా వదిలేసి, తోటకూర తలలు వాల్చిన రోజున తీస్తే 475 గ్రాములు వచ్చింది. అంటే అయిదు శాతం పైచిలుకు. ఈ రెండిటి మధ్య ఉన్న ఎనిమిది శాతమే మొక్క తాగగలిగిన నీరు.

400 మిల్లీలీటర్ల డబ్బాను నేలలోకి దించి తీసిన పొడి మట్టి 604 గ్రాములు తూగింది, కాబట్టి సాంద్రత 1.5. ఆకుకూరల వేళ్లు దిగే 30 సెంటీమీటర్లలో నిలవ ఉండే నీరు దాదాపు 35 మిల్లీమీటర్లు. రోహిణి కార్తె ఎండకు రోజుకు ఆరు మిల్లీమీటర్ల చొప్పున ఖర్చవుతుందనుకుంటే, సగం అయిపోయేసరికి మూడు రోజులు. నా మడి 1.2 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల పొడవు. దానికి మూడు రోజులకోసారి 60 లీటర్లు, అంటే పదిహేను లీటర్ల బకెట్లు నాలుగు. అంతకంటే ఎక్కువ పోసిన ప్రతి బకెట్టూ వేళ్ల కిందికి జారిపోతుంది. అంతకుముందు వారానికోసారి పది బకెట్లు పోసేదాన్ని. మడి పైన తడిగా కనిపిస్తూనే ఉండేది, మొక్కలు మాత్రం ఆరో రోజుకు వాడిపోయేవి.

జూన్: దొరువు నీరు

తీరంలో ఈ నేల గురించి చెప్పి, దొరువు అనే లోతు తక్కువ బావి గురించి చెప్పకపోతే సగమే చెప్పినట్లు. ఇసుకలో ఇంకిన వాననీరు కింది ఉప్పునీటి మీద తేలికగా తేలుతూ ఉంటుంది. సముద్రమట్టానికి పైన ఒక అడుగు మంచినీరు ఉంటే, కింద దాదాపు 40 అడుగుల మందాన మంచినీరు నిలుస్తుందని సూత్రం. పైన అడుగు తోడేస్తే కింద ఉప్పునీరు ఎంత పైకి లేస్తుందో ఊహించుకోవచ్చు. అందుకే పెద్దలు ఇక్కడ లోతుగా కాకుండా వెడల్పుగా దొరువు తవ్వి, అందులోకి దిగి కడవలతో ముంచి మొక్కలకు పోసుకునేవారు. బాపట్లలోని ఉప్పునీటి పరిశోధన కేంద్రం దీన్నే మెరుగుపరచింది. రంధ్రాల పైపులను నేలలో అడ్డంగా పరిచి, పైపొర నీటిని మధ్య బావిలోకి చేర్చే పద్ధతి అది.

నా దొరువులో ఉదయం మోటారు వేయకముందు కరిగిన లవణాలు లీటరుకు 620 మిల్లీగ్రాములు. రెండు గంటలు ఏకబిగిన తోడాక 1,450. మర్నాడు ఉదయానికి 700కు దిగింది. అప్పటి నుంచి అరగంట తోడి మూడు గంటలు ఆపుతున్నాను. ఇప్పుడు 800 దాటడం లేదు.

జూలై – సెప్టెంబరు

బెండ మడికి యూరియా అంతా ఒకేసారి వేశాను. రెండో రాత్రే పెద్ద వాన. పదిహేను రోజులకు కింది ఆకులు పాలిపోయాయి. అదే మోతాదును నాలుగు భాగాలు చేసి పన్నెండు రోజులకోసారి వేసిన పక్క మడి ముదురాకుపచ్చగా నిలిచింది. నీటికి చూసిన లెక్కే ఎరువుకూ వర్తిస్తుందని అంతవరకు తోచలేదు.

సెప్టెంబరులో బెండ మొక్కలు పీకితే వేళ్ల నిండా బుడిపెలు. ఇవి నులిపురుగులవి. గాలి ఆడే ఇసుక నేల వాటికి హాయిగా ఉంటుంది. వేరుశనగ వేళ్ల మీద ఉండే మంచి బుడిపెలతో వీటిని పొరబడకూడదు. మంచివి వేరుకు పక్కన అంటుకుని ఉంటాయి, గోటితో గిల్లితే ఊడి వస్తాయి, చిదిమితే లోపల గులాబీ రంగు. నులిపురుగువి వేరే ఉబ్బినట్లు ఉంటాయి, ఊడవు. ఆ మడిలో వేపపిండి కలిపి బంతి వేశాను. ఏడాది దాకా అక్కడ బెండ, వంగ, టమాటా వేయను.

అక్టోబరు

జూన్ చివర వేసిన వేరుశనగ తీశాం. ఈ నేల మంచితనమంతా ఆ రోజు చూడాలి. మొక్క పట్టుకుని లాగితే కాయలన్నీ గుత్తిగా వచ్చాయి, ఒకసారి విదిలిస్తే మట్టి రాలిపోయింది. రేగడిలోనైతే సగం కాయలు నేలలోనే తెగిపోతాయి. పూత దశలో ఎకరాకు 200 కిలోల లెక్కన, అంటే నా మడికి 180 గ్రాముల జిప్సం మొదళ్ల దగ్గర వేశాను. కాయ తనకు కావలసిన కాల్షియాన్ని వేరు ద్వారా కాకుండా చుట్టూ ఉన్న మట్టి నుంచే తీసుకుంటుంది. జిప్సం వేయకుండా వదిలిన మూరెడు చివర్లో పట్టి చూస్తే మూడో వంతు తాలు కాయలే.

డిసెంబరు

జూన్‌లో ఒక మడికి ఊరి చెరువు మట్టి ఆరు బకెట్లు, అంటే అంగుళం మందాన పరిచి కలిపాను. అదనంగా పశువుల ఎరువు, జనుము పచ్చిరొట్ట. వానలు వెలిశాక అదే పెనం పరీక్ష చేస్తే ఈ మడిలో నీరు 16 శాతం, పక్క మడిలో 13. గుంట పరీక్షలో వేగం గంటకు 9 నుంచి 6 సెంటీమీటర్లకు తగ్గింది. ఇంకా హాయిగా ఇంకుతోంది, కానీ మునుపటిలా జారిపోవడం లేదు. చెరువు మట్టి తెచ్చేటప్పుడు రొయ్యల చెరువుది మాత్రం తేవద్దు, ఉప్పు వస్తుంది. తోలించే ముందు గుప్పెడు మట్టిని నీటిలో కలిపి, లవణాలు కొలిచే మీటరు పెట్టి చూడండి.

మిగిలిన ఎనిమిది మళ్లకు నలభై ఎనిమిది బకెట్ల మట్టి కావాలి. సంక్రాంతి తర్వాత ట్రాక్టరు మాట్లాడాను. ఈలోగా ఖాళీ మళ్లన్నిటిలో జనుము చల్లాను, నాలుగో రోజుకే మొలక కనిపించింది.